ఖాళీగా ఇవ్వకూడదు

ప్రతి నెలా ఒకటో తారీఖున, పొద్దున్న పది గంటలకు, గోడమీద సర్కారు బిగించిన కన్ను ఇంట్లో ఉన్న వస్తువులన్నిటికీ వెల కడుతుంది. మొత్తం పరిమితి దాటితే ఎర్రయ్యకొచ్చే వికలాంగుల పింఛను ఏడాదిపాటు ఆగిపోతుంది. అతనికి నడుం కింద స్పర్శ లేదు.

ఈసారి ఇత్తడి ధర పెరిగింది. భార్య నూకాలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నె ఇంట్లో ఉంటే పరిమితి దాటిపోతుంది. అమ్మితే వచ్చిన డబ్బునూ కన్ను లెక్కేస్తుంది. అందుకని ఆమె తెల్లారగానే ఆ గిన్నె నిండా పులిహోర పెట్టి పక్కింటి బంగారమ్మకు ఇచ్చి వచ్చింది. ఎందుకిచ్చిందో మాత్రం చెప్పలేదు. సొత్తు దాచడం నేరం మరి.

పదికి రెండు నిమిషాలుందనగా బంగారమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఇదిగో వదినా, నీ గిన్ని. కాళీగా ఇవ్వకూడదు కదేటి, నాలుగు సున్నుండలేసినాను."

గిన్నె లోపలి గట్టుమీద పెట్టి వెళ్లిపోయింది. వెనకే తలుపు దానంతటదే మూసుకుంది. లెక్క పూర్తయ్యేదాకా అది తెరుచుకోదు.

"తినేయే! ఎంత తగ్గితే అంత," అన్నాడు ఎర్రయ్య చక్రాల కుర్చీలోంచి చెయ్యి చాచి.

ఇద్దరూ నమలకుండానే మింగారు. నాలుగూ అయిపోయాయి. గిన్నె మిగిలింది.

కన్ను ఎర్రగా వెలిగింది. పరిమితి దాటింది.

ఎర్రయ్యకు పొలమారింది. నూకాలు ఆ గిన్నెతోనే నీళ్లు ముంచి అతని నోటికందించింది.

గోడ అవతలి నుంచి బంగారమ్మ కేకేసింది. "వదినా! తీపి సరిపోయిందేటి?"

"సరిపోయింది వదినా," అంది నూకాలు.