కనుమ దారిలో మొదటివాడు

మంగ్నే మొగుడు తన చొక్కా మెడపట్టీలోంచి ఒక ముక్క కత్తిరించి ఆమె చేతిలో పెట్టాడు.

గాంగ్వోన్ కొండల్లో బీదవాళ్లకు విడాకులంటే అదే.

పెళ్లయి ఇన్నేళ్లయినా కొడుకు పుట్టలేదు. వేరే తప్పేదీ అతనూ చెప్పలేదు.

పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఆ గుడ్డముక్క పట్టుకుని, మూట వీపున కట్టుకుని, తెల్లవారేసరికి మంగ్నే కనుమ దగ్గర నిలబడింది. మొగుళ్లు విడిచిపెట్టిన ఆడవాళ్లు నిలబడే చోటు అదే.

పక్కింటి అవ్వ అక్కడిదాకా తోడు వచ్చింది.

“మొదట ఏ మగవాడు వస్తే వాడే నీ మొగుడు. కుంటివాడైనా, ముసలివాడైనా. వాడు కాదనకూడదు, నువ్వూ కాదనకూడదు.”

“తెలుసులే అవ్వా.”

“మా చెల్లెలికి బుట్టలల్లేవాడు వచ్చాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. అయితేనేం, చెయ్యెత్తలేదు. ఇంకేం కావాలే?”

అవ్వ, కనుమ దేవతకని పేర్చిన రాళ్లకుప్ప మీద ఒక రాయి వేసి, దణ్ణం పెట్టి దిగిపోయింది.

కాసేపటికి కింద మలుపులో ఈల వినిపించింది.

పశువుల దళారి హ్వాంగ్. ఇద్దరు పెళ్లాలను పూడ్చిపెట్టినవాడు. రెండోదాని నడుం ఎలా విరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

మంగ్నే ఇక్కడుంటుందని ఎవరో చెప్పినట్టున్నారు. కొత్త తలపట్టీ కట్టుకుని వస్తున్నాడు.

మంగ్నే కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ఎదురుగా ఒక టోపీ ఉంది.

దేవదారు చెట్లలోంచి వచ్చినట్టుంది. భుజాల దాకా దిగిన వెదురు టోపీ, దాని కింద నార బట్టలు. తల్లో తండ్రో పోయినవాళ్ల వేషం. ఆ టోపీ కిందికి తొంగి చూడటం తప్పు. మాట్లాడించడమూ తప్పే.

టోపీ ఆమె వీపు మీది మూట విప్పి తన వీపున వేసుకుంది.

హ్వాంగ్ రొప్పుతూ పైకొచ్చాడు.

“ఒరేయ్ శోకం టోపీ! పోయినవాళ్ల కోసం ఏడవాల్సినవాడివి, నీకు పెళ్లామెందుకురా?”

టోపీ మూట ముడి బిగించుకుంది.

“పోనీ నాకొదిలెయ్. కడుపునిండా కల్లు పోయిస్తా.”

టోపీ వెనుదిరిగి నడిచింది. మంగ్నే వెంట నడిచింది.

“నాలుగడుగులు ముందొచ్చావు కాబట్టి బతికిపోయావు!” వెనకనుంచి అరిచాడు హ్వాంగ్. “లేకపోతే అది నాదేరా!”

దారంతా దిగుడు.

“మీ ఇంట్లో ఎవరెవరున్నారు?” అడిగింది మంగ్నే.

మాట లేదు.

“పోయింది అమ్మా, నాన్నా?”

మాట లేదు. ఒకచోట మాత్రం టోపీ ఆగి, ఏదో చెప్పబోతున్నట్టు ఆమె వైపు తిరిగింది. ఇంతలో గుర్రాల మీద ఉప్పు వేసుకుని వర్తకులు ఎదురొచ్చారు. టోపీ మళ్లీ ముందుకు తిరిగింది.

మంగ్నే గడ్డిచెప్పు తెగింది. టోపీ తన నడుముకు వేలాడుతున్న కొత్త జత విప్పి ఆమె ముందు పెట్టింది. అవి ఆమెకు సరిపోయాయి.

రేవు దగ్గర పూటకూళ్లింట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మర్నాడు అవతలి ఒడ్డున పశువుల సంత. హ్వాంగ్ కూడా వెనకే దిగి వచ్చి కల్లు ముందు కూర్చున్నాడు. పడవ ఇంకా అవతలే ఉంది.

పూటకూళ్లావిడ పులుసన్నం గిన్నెలు పెట్టి నవ్వింది.

“ఏంటయ్యా, మళ్లీ ఒకత్తినా? నీ శోకం ఎప్పటికి తీరుతుంది?”

తాగేవాళ్లు గొల్లుమన్నారు.

“వానల్లో ఒకత్తిని దాటించాడు,” అన్నాడొకడు. “కోతలప్పుడు ఇంకొకత్తిని. వచ్చేప్పుడు మాత్రం ఒక్కడే వస్తాడు.”

“అవతల మంచి ధర పలుకుతుందేమో!”

“ఆవులకంటే ఎక్కువేనంటావా హ్వాంగన్నా?”

“ఆవును బట్టి,” అన్నాడు హ్వాంగ్, మంగ్నే వైపు చూస్తూ.

మంగ్నే ఇక తినలేదు.

పడవ ఇటు వస్తోంది. టోపీ లేచి మూట అందుకుంది.

“నేను రాను!”

టోపీ మెల్లగా ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఆడవాళ్లని అమ్మేవాడు వీడు!” మంగ్నే అరిచింది. “అందర్నీ అమ్మేశాడు! పట్టుకోండి!”

శోకంలో ఉన్నవాడి మీద చెయ్యి వెయ్యాలంటే ఏదో ఒక కారణం కావాలి. అది దొరికింది. అందరికంటే ముందు హ్వాంగ్ లేచాడు.

టోపీని ఇసుకలోకి ఈడ్చుకుపోయారు.

పూటకూళ్లావిడ గరిటె పారేసి వచ్చి మంగ్నే భుజం పట్టుకుంది.

“ఎంత పని చేశావే పిల్లా!”

“మళ్లీ ఒకత్తినా అని మీరే కదా అన్నారు!”

“నలుగురినీ నవ్వించాలని అన్నానే. నవ్వేవాళ్లు నిజమేంటని వెంటపడి చూడరు.” ఆవిడ గొంతు తగ్గించింది. “అవతల మల్బరీ తోటల్లో ఒక ఇల్లుంది. వాళ్లంతా అక్కడే ఉన్నారు. పట్టు నేసుకుని తింటున్నారు. ఆ ఇంట్లో చెయ్యెత్తేవాడు లేడు.”

“ఊరికే తీసుకెళ్లి పెట్టాడా?”

“ఊరికే.”

“ఏ మగవాడైనా అలా చేస్తాడా?”

“చెయ్యడు,” అంది పూటకూళ్లావిడ.

ఒడ్డున వెదురు విరిగిన చప్పుడైంది. అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

పడవ వచ్చి రేవుకు ఆనుకుంది. ఎవరూ ఎక్కలేదు.

హ్వాంగ్ విరిగిన టోపీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని కాళ్ల దగ్గర ఇసుకలో మోకాళ్ల మీద ఉన్న మనిషికి, మెడ మీద, పెళ్లయిన ఆడవాళ్లు చుట్టుకునే కొప్పు ఉంది.

హ్వాంగ్ చాలాసేపు నవ్వాడు. తర్వాత మంగ్నే వైపు తిరిగాడు.

“ఇది ఆడదే,” అన్నాడు. “అయితే కనుమలో నీ దగ్గరికి మొదట వచ్చిన మగవాణ్ణి నేనే.”