తిమోతి తాత ఉగ్గాని

జూలై 14, సోమవారం. నెలలుగా నోరు విప్పని మా జేజి ఏసమ్మ ఈరోజు ఒక మనిషిని తిట్టింది.

జేజి దిగులుకు నలుగురిలో పాత ముచ్చట్లే మందన్నాడు నంద్యాల డాక్టరు. ముసలివాళ్ల సోది కూడా ఒక మందేనా అనుకుంటూనే ఆమెను ముసలివాళ్లు రోజూ కూడే ఆళ్లగడ్డ చర్చి హాలుకు తీసుకెళ్లాను.

అక్కడ తిమోతి తాత కోతలు మరీ రోత. "నా పెండ్లికి ఉగ్గాని నేనే చేసినా. బొరుగులు నానబెట్టనే లేదు."

జేజి లేచింది. "సిగ్గులేదా అప్పా? నానబెట్టకుంటే ఉగ్గాని యాడయితాది? ఆ పొద్దు మీ ఇంటికాడ వండింది నేను!" అంటూ ఆ పెండ్లి కథంతా చెప్పింది.

బయట తాతను నిలదీశాను. "పట్టుబడే అబద్ధం ఎందుకు తాతా?"

"పట్టుబడల్లనే చెప్పినా పాపా. రేప్పొద్దున సంగటి కూడా నేనే కెలికినానని చెప్తా. మీ జేజిని బేగా పిల్చుకొని రా."