పన్నెండు సైజు

"ఈ ప్రింటర్లో ఇంకు మళ్లీ పలచబడింది. ఎవరికీ పట్టదా?" కంప్యూటరు మాస్టారు కసిరారు.

"నిన్ననే కొత్తది వేశామండీ" అంది ముందు బల్ల అమ్మాయి.

"అయితే ట్యూబులైటు మార్చండి."

ట్యూబులైటు మార్చారు. కిటికీ తెరలు తీసేశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మర్నాడు మాస్టారు కాగితాన్ని తిట్టారు. తన కళ్ల మాట మాత్రం ఎత్తలేదు. కళ్లు కనబడని కంప్యూటరు మాస్టారిని ఎవరు ఉంచుకుంటారు?

ఆ శిక్షణ కేంద్రంలో చివర రాసే పరీక్షంటూ లేదు. వారానికొక పని కంప్యూటరు మీద చేసి, ప్రింటు తీసి, మాస్టారి చేత సంతకం పెట్టించుకుని ఫైల్లో దాచుకోవాలి. ఒక వారం ఉత్తరం, ఒక వారం పట్టిక, ఇంకో వారం గోడకంటించే ప్రకటన. దాన్నే పోర్ట్‌ఫోలియో అంటారు. మూడు నెలలయ్యాక అది చూసి పాసో ఫెయిలో తేలుస్తారు. మాస్టారు పదే పదే చెప్పే షరతు ఒక్కటే, అక్షరాలు పన్నెండు సైజు దాటకూడదు.

వెనక బల్ల దగ్గర కూర్చునే ఆవిడకి యాభై దాటాయి. క్లాసంతా పెద్దమ్మ అనేవారు. ఒక్క వేలితో, బియ్యంలో రాళ్లు ఏరినట్టు అక్షరాలు ఏరుకునేది.

"ఈ వయసులో మీకెందుకమ్మా ఈ తిప్పలు?" అని ఒకసారి అడిగారు మాస్టారు.

"మా దగ్గరికి మిషన్లొస్తున్నాయండీ. ఇన్నాళ్లూ నేను చేసిన పని ఇక అవే చేస్తాయట. ఈ సర్టిఫికెట్టుంటే కౌంటర్లో కూర్చోబెడతారు. లేకపోతే ఇంటికి పొమ్మంటారు."

ఎక్కడ పని అని మాస్టారు అడగలేదు. ఆవిడ కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చదివే అవస్థలో ఉన్నారు. పెద్దమ్మ ఆ కాగితాన్నీ ఆయన్నీ కాసేపు అలాగే చూసింది.

తర్వాతి వారం నుంచి పెద్దమ్మ పేజీ చేతికొస్తే చాలు, మాస్టారికి ప్రాణం లేచొచ్చేది.

"చూడండర్రా, పెద్దమ్మ ప్రింటు ఎంత తేటగా ఉందో! ప్రింటరు అదే కదా. అంతా తీసే చేతిలో ఉంటుంది."

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వాపుకున్నారు. పెద్దమ్మ తలొంచుకుని కీబోర్డు తుడుచుకుంది.

మూడో నెలాఖర్న ఫైళ్లు చూడ్డానికి డైరెక్టరు వచ్చాడు. పెద్దమ్మ ఫైలు దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి మాస్టారూ? పధ్నాలుగు, పద్దెనిమిది, ఇరవై నాలుగు... చివర ముప్పై ఆరు! అరపేజీ పనిని నాలుగు పేజీలకి సాగదీసింది. వారం వారం సంతకాలు పెట్టారు, మీకు కనబడలేదా?"

మాస్టారికి నిజంగానే కనబడలేదు. ఆ అక్షరాలు ఆయన కంటికి మొదటి వారం ఎంతున్నాయో చివరి వారమూ అంతే ఉన్నాయి. ఆ మాట పైకంటే ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

"కనబడకేం సార్! చెబుతూనే ఉన్నాను, వింటేగా" అనేశారు. ఆ వెంటనే అత్త మీద కోపం దుత్త మీద చూపించారు.

"ఏమ్మా, పేజీలు నింపడానికా ఈ వేషాలు? పన్నెండంటే పన్నెండని నీకెన్నిసార్లు చెప్పాను?"

పెద్దమ్మ ఏదో అనబోయింది. డైరెక్టరు మొహం చూసింది, మాస్టారి మొహం చూసింది.

"మాస్టారు చెప్పారండీ. తప్పు నాదే" అంది.

ఫైలు మీద ఎర్రసిరాతో ఫెయిలని రాశారు మాస్టారు. ఆ మాట రాయడానికి ఆయనకి మనసొప్పలేదు. అయినా రాశారు.

మెట్ల దగ్గర ఆవిడ ఆయన కోసం నిలబడి ఉంది.

"సోమవారం ఒక్క పూట నాతో ఒకచోటికి రండి మాస్టారూ. ఆలస్యం చేస్తే..."

"సిఫార్సులా? ఎవరి చేత చెప్పించినా ఈ మార్కులు మారవు. వెళ్లమ్మా."

వెళ్లిపోయింది.

ఐదు నెలల తర్వాత అవే మెట్ల మీద, ఇంకో మెట్టు ఉందనుకుని మాస్టారు గాల్లో కాలు వేశారు. చేతికి కట్టు కట్టించాక, ఆయన భార్య మారు మాట్లాడనివ్వకుండా కంటి ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు.

"కంటి నరం ఎండిపోయిందండీ. పోయిన చూపు ఇక రాదు. అయినా ఇదేం మనిషండీ మీరు? ఐదు నెలల కిందట మొదలుపెట్టి పదిహేను సోమవారాలు మీ పేరున చీటీ తీసి ఉంది. ఒక్కసారి వచ్చినా ఆపగలిగేవాణ్ణి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మాస్టారు తడుముకుంటూ కౌంటరు దగ్గరికి పరిగెత్తారు.

"నా పేరున చీటీలు తీసిందెవరమ్మా?"

"ఇక్కడ పనిచేసే పెద్దావిడండీ. 'మా మాస్టారు ఇవాళ తప్పకుండా వస్తారు' అని సాయంత్రం దాకా మీ చీటీ చేతిలో పట్టుకుని గుమ్మం వైపు చూసేది. పోయిన నెల మిషన్లు రాగానే మానిపించేశారు. కంప్యూటరు సర్టిఫికెట్టు తెచ్చుకోలేకపోయిందట పాపం. ఆఖరి రోజున కూడా మీకు చీటీ తీసే వెళ్లింది."

మాస్టారు కౌంటరు అంచు పట్టుకున్నారు. కళ్లనిండా నీళ్లు. ఆయన భార్యకి ఏమీ అర్థం కాక భుజం పట్టుకుంది.

"ఆవిడ... ఇక్కడ ఏం పని చేసేదమ్మా?"

"ఆ గోడ మీద అక్షరాల బోర్డుంది చూడండి, పుల్ల పట్టుకుని దాని పక్కన నిలబడి, 'ఇది కనబడుతోందా నాయనా, పోనీ దీని పై వరుస?' అంటూ, మనిషికి కనబడేదాకా పెద్ద పెద్ద అక్షరాలు చూపిస్తూ పోవడమేనండీ, ఇరవయ్యేళ్ల పాటు."