తడిగుడ్డ

“అది పగిలిందంటే మనల్ని అమ్మినా తీరదే! ఎందుకు తెచ్చినావే దాన్ని ఇంట్లోకి?”

పొద్దున్నుంచి పాపమ్మది ఇదే గోల. ట్రస్టువాళ్ళు ఆమె కూతురు గోపికకిచ్చిన ట్యాబ్ మంచం మీద ఉంది. సాయంత్రం అందులోనే పరీక్ష. నెగ్గితే వాళ్ళే హాస్టల్లో పెట్టి ఇంటరు చదివిస్తారు. లేకుంటే గోపిక కూడా తల్లి వెంట మార్కాపురం పలకల కార్ఖానాకే.

“పగలదులేమ్మా. నువ్వు దాని దిక్కు చూడకుంటే చాలు” అని గోపిక స్నానానికి పోయింది.

పాపమ్మ చూడనే చూసింది. అద్దం నిండా వేలిముద్రలు. పరీక్ష పెట్టేవాళ్ళకు ఈ మురికి కనిపిస్తే పిల్లను ఏమనుకుంటారు? కార్ఖానాలో ఆమె పనే అది. పలకను తొట్లో ముంచడం, తడిగుడ్డతో రుద్దడం, ఎండలో నిలబెట్టడం. చేతులు వాటంతట అవే ఆ పని చేసేశాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన గోపిక, ఎండలో గోడకానించి ఉన్న ట్యాబ్‌ను చూసి కెవ్వుమంది.

“కడిగినావా?”

“ఒక్కసారే ముంచినా. ఏమైందే?”

మీట ఎంత నొక్కినా తెర వెలగలేదు. నల్లగా, అచ్చం పలకలాగే ఉంది.

“అయిపాయె. నీ గొంతు నేనే కోసినా. పోలీసులొస్తారంటావా?”

గోపిక ట్రస్టుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. “కింద పడిందని చెప్తా. నువ్వు నోరు తెరవొద్దు.”

“నమస్తే, సింధూజను మాట్లాడుతున్నాను. చెప్పండి” అంది ట్రస్టు ఆవిడ.

పాపమ్మ ఫోన్ లాక్కుంది. “అమ్మా, పిల్ల తప్పేం లేదు. ట్యాబు నేనే కడిగినా. పలకల కార్ఖానా చేతులమ్మా ఇవి, ఊరుకోలే. నన్నేమన్నా చేయండి, దాని పరీక్ష మాత్రం ఆపొద్దు.”

అవతల కీబోర్డు టకటకలాడింది. పిల్ల పేరు కొట్టేస్తోందా?

టకటక ఆగి ట్రస్టు ఆవిడ గొంతు వినిపించింది. “బాగా ఆరింటే చార్జింగ్ పెట్టు, వెలుగుతాది. పిల్ల రాత్రంతా చదివినట్టుంది, చార్జింగ్ అయిపోయింటాది, అంతే. మీ దిక్కు నీళ్ళకు చెడనివే ఏరి పంపినాం.”

“మేం కడుగుతామని నీకెట్ల తెలుసు తల్లీ?”

“మా అమ్మది గూడా ఆ కార్ఖానాలోనే పని పిన్నమ్మా. నా మొదటి కంప్యూటర్‌ని తొట్లో ముంచి, ఎండకు పెట్టింది.”