చీటీలో వచ్చిన వేషం

“దిగకు శశీ. వెనక్కి పోదాం,” అంది గిరిజ, కారు స్కూల్ పార్కింగ్‌లో ఆగీ ఆగకముందే.

శశికాంత్ సీటు బెల్టు తీసేసి, అద్దంలో చూసుకుంటూ కాలరు సర్దుకున్నాడు.

“పిల్లల నాటకం అది. చీటీలు వేశారు, ఎవరికి వచ్చిన వేషం వాళ్ళు వేస్తారు. దానికి కూడా టీచర్ దగ్గర పంచాయితీ పెడతావా?”

“పంచాయితీ కాదు. మర్యాద సంగతి.”

నాటకం రేపే. ఫ్రిస్కోలోని ఆ మిడిల్ స్కూల్లో మధ్యయుగాల పాఠం అయిపోగానే ఏటా ఒక పండగలా చేస్తారు. రాణి, ప్రభువులు, గుర్రాల మీద వీరులు, అందరికంటే అడుగున సర్ఫులు. సర్ఫు అంటే దొర భూమికి కట్టుబడి, తరతరాలుగా వెట్టి చేసే పాలేరు. చివరి సీనులో సర్ఫు గింజల బుట్ట తెచ్చి, రాణి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చెప్పులకి అంటిన మట్టి తుడవాలి. తల్లిదండ్రులందరూ ఫోన్లు ఎత్తిపట్టుకుని వీడియో తీసుకునే సీను అదే.

ఆ సీనులో ఉండేది ఇద్దరే. ఒకరు శశికాంత్ కూతురు వర్ష. ఇంకొకరు రియా, సూర్యప్రకాశరావుగారి మనవరాలు. రావుగారంటే ఎవరో కాదు, శశికాంత్ పనిచేసే కన్సల్టెన్సీకి యజమాని. చీటీలో తనకేం వచ్చిందో నిన్న భోజనాల దగ్గర వర్ష చెప్పగానే శశికాంత్‌కి ఆకలి చచ్చిపోయింది. ఆ తర్వాత గిరిజ ఎంత చెప్పినా కంచం ముందు కూర్చోలేదు.

“రేపు రావుగారు ముందు వరసలో కూర్చుని ఆ సీను చూస్తారు. ఆ తర్వాత ఆయన ముందు నేను తలెత్తుకోగలనా?” అన్నాడు.

“వర్షకి లేని బాధ నీకెందుకు?”

“దానికేం తెలుసు? ఇక్కడ పుట్టిన పిల్ల. పెద్దా చిన్నా ఏమిటో దానికెవరు నేర్పారు?”

“మన గ్రీన్ కార్డ్ సంగతి...”

“తెలుసు. ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది. ఆయన సంతకం పెట్టకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే. అన్నీ తెలిసే వెళ్తున్నాను.”

 గిరిజ మొహం అటు తిప్పుకుంది.

కారిడార్‌లో నడుస్తుంటే శశికాంత్‌కి ఊళ్ళో దొరగారి గడీ గుర్తొచ్చింది. ఆ గడీ నీడలో పెరిగిన వంశం తనది. తాతగారి రోజుల్లో గడీ ముందు నుంచి చెప్పులతో నడిచిన మనిషి లేడు. చెప్పులు తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని పోవాల్సిందే. ఎవరి చోటు ఏదో వాళ్ళింట్లో ఉగ్గుపాలతోనే పోశారు. కాలం మారిందని లోకమంతా అంటోంది గానీ, అలాంటి పుకార్లు నమ్మే రకం కాదు శశికాంత్.

టీచర్ మిస్ హార్పర్ ఇలాంటి నాన్నల్ని చాలామందిని చూసింది. కుర్చీ చూపించి, “పోయినేడు ఒకాయన, మా అబ్బాయి పందులు కాసేవాడా అని గొడవ పెట్టుకున్నారు. మీరూ అందుకే వచ్చారా?” అంది.

“గొడవకి రాలేదు మేడమ్. వర్ష వేషం మార్చమని బతిమాలుకోవడానికి వచ్చాను.”

“చీటీల్లో వచ్చింది కదా. అసలు పాఠమే అది. ఏ ఇంట్లో పుట్టాలో ఎవరూ ఎంచుకోలేదని పిల్లలకి తెలియాలి.”

“మంచి పాఠమే. కానీ ఈ రెండు కుటుంబాల సంగతి మీకు తెలియదు. ఉండాల్సిన చోట ఉంటేనే ఎవరికైనా అందం.”

“అచ్చం మధ్యయుగాల వాళ్ళలాగే మాట్లాడారు,” అంది ఆమె.

“థాంక్యూ మేడమ్,” అన్నాడు శశికాంత్.

ఆమె తల అడ్డంగా ఊపింది. “వర్షకి ఇబ్బంది లేదు, రియాకీ లేదు. రిహార్సల్లో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు.”

“పిల్లలు నవ్వుతారు. పెద్దవాళ్ళు నవ్వరు మేడమ్. ఇది మా బతుకు సంగతి.”

 మిస్ హార్పర్‌కి జాలేసింది. రియాని అడిగొచ్చింది. ఆ పిల్ల ఏదైనా సరేనంది. “ఇక వర్ష ఒప్పుకోవాలి. మీరే అడగండి,” అని పిలిపించింది.

“డాడీ? నువ్వెందుకొచ్చావ్?” అంది వర్ష, గుమ్మంలోనే ఆగిపోయి.

విషయం చెప్పాడు.

“నో డాడీ! నాకు ఈ రోల్ ఇష్టం. లైన్స్ అన్నీ వచ్చేశాయ్. అమ్మ కూడా ప్రాక్టీస్ చేయించింది.”

“ఈ ఒక్కసారికి నా మాట విను బంగారం.”

“రియాకి ఓకే. నాకు ఓకే. నీకేంటి ప్రాబ్లమ్?”

 టీచర్ చూస్తుండగానే శశికాంత్ కూతురి ముందు రెండు చేతులూ జోడించాడు. వర్ష బిత్తరపోయింది. నాన్నని అలా చూడలేక తల తిప్పుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఫైన్,” అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

“బతికించారు మేడమ్,” అన్నాడు శశికాంత్. 

బయటికి వస్తూనే ఫోన్ తీశాడు. అవతల రావుగారు ఎత్తగానే, ఎవరూ లేని కారిడార్‌లో నిటారుగా నిలబడ్డాడు.

“ఏం శశీ, ఆఫీసు టైములో?”

“సార్, రేపటి స్కూల్ నాటకం గురించి...”

“ఏం నాటకం? రేపు నేను హ్యూస్టన్ వెళ్తున్నానే!”

శశికాంత్ తడబడ్డాడు. అయినా అంత కష్టపడి చేసిన పని ఆయన చెవిన వేయకపోతే ఎలా?

“మార్పించేశాను సార్, రేపు రాణి మన రియా పాపే, మోకాళ్ళ మీద కూర్చునేది మా వర్ష.”