గిన్నెలో మాగాయ

ఉదయం ఏడున్నర, రాత్రి వాన వెలిసి రాజమహేంద్రవరంలో ఎండ పలచగా కాస్తోంది. మా కోడలు వాగ్దేవి నగర ప్రణాళికాధికారి కనుక, చట్టం ప్రకారం లోపలికి వచ్చే ప్రతి వస్తువునూ, ప్రభుత్వం మాట్లాడే యంత్రం బిగించిన మా గుమ్మమే గుర్తించి ఊరందరికీ ప్రకటిస్తుంది.

నేను పనసపొట్టు కూర పంపిన గిన్నెను పక్కింటి హైమావతి తిరిగి తెచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వడం ఆమెకు చేతకాదు, మాగాయ పెట్టింది.

"కానుక," అంది గుమ్మం. "ఇచ్చినవారి ఇంటి ప్లాను ఈ అధికారి పరిశీలనలో ఉంది. స్వీకరిస్తే ఫైలు వేరే జిల్లాకు పోతుంది."

ఒకప్పుడు ఇలాంటి గిన్నెల అడుగున నోట్ల కట్టలు వచ్చేవి. అందుకే ఈ చట్టం పుట్టింది. అందుచేత నేను గుమ్మాన్ని తప్పుపట్టలేదు.

వాగ్దేవి పరుగున వచ్చింది. "అక్కా, వెనక్కి తీసుకెళ్ళు! ఫైలు అక్కడికి పోతే ఏళ్ళు పడుతుంది. మేడ వేసి మీవాడి కాపురం పెట్టించాలన్నావు కదా!"

"పెళ్ళాంతో సహా కొన్నాళ్ళు మా నెత్తినే ఉంటాడులే. పిన్నిగారి గిన్నె ఉత్తది ఇమ్మంటావా? నీకిష్టమని టెంకలు కూడా వేశాను. అడ్డు లే!"

హైమావతి గిన్నెతో గడప దాటి లోపలికి వచ్చేసింది.

మేడకు అనుమతి ఆరేళ్ళ తరువాత శ్రీకాకుళం నుంచి వచ్చింది; అప్పటికి హైమావతి మనవరాలు బడికి వెళుతోంది.