కుంటి కుర్చీ

"నన్ను తీసేయండి. మూడేళ్ల జీతం చేతిలో పెట్టండి. ఒప్పందం అదే కదమ్మా" అన్నాడు పాత ఎండీ.

కంపెనీ చేతులు మారిన మర్నాడే ఆయన్ని పెద్ద గదిలోంచి ఈ స్టోర్ రూములోకి మార్చారు. ఫ్యాను లేదు, ఫోను లేదు, పని అసలే లేదు. ఉన్నవల్లా రెండు కుర్చీలు, రెండింటికీ ఒక కాలు పొట్టి. కంపెనీ తీసేస్తే మూడేళ్ల జీతం ఇచ్చుకోవాలి. ఆయనంతట ఆయనే రాజీనామా చేస్తే పైసా ఇవ్వక్కర్లేదు. అందుకే ఈ తంతు.

"తీసెయ్యం సార్. మీరే రాసిచ్చేయండి, ఆర్నెల్ల జీతం ఇప్పిస్తాను" అంది కొత్త యజమానులు పంపిన హెచ్ఆర్ మేడమ్.

ఆయనకు నవ్వొచ్చింది. "ఎవరి దగ్గరమ్మా ఈ వేషాలు? ఈ కుర్చీల కాళ్లు కోయించిందే నేను. ఇక్కడ కూర్చోబెట్టి ఎంతమందిని సాగనంపానో. నేను మాత్రం లేవను."

జాలిపడకండి, మనిషి అలాంటివాడే. మొండిఘటం ఎవరైనా తగిలితే, ఇదే కంపెనీలో పనిచేసే వాళ్ల తమ్ముణ్ణో కొడుకునో తెచ్చి రెండో కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఎంతటి మొనగాడైనా సాయంత్రానికి సంతకం పెట్టేసేవాడు. ఆ కిటుకు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అన్నాల దగ్గర మాత్రం చెప్పి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు.

తలుపు తెరుచుకుంది. కొనుగోళ్ల విభాగంలో పనిచేసే ఆయన కూతురు తలొంచుకుని లోపలికొచ్చింది.

"నన్నూ ఇక్కడే కూర్చోమన్నారు నాన్నా."

కూర్చుంది. కుర్చీ టకటకలాడింది. ఆయన గబుక్కున మేడమ్ వైపు తిరిగాడు.

"దాన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతారు?"

"మీరు లేచేదాకా తనూ లేవదు సార్."

"సరే, ఆ ఆర్నెల్లదే ఇప్పించు."

"అది ఇందాకటి మాట."

కూతురు కళ్లు తుడుచుకుంది. దాంతో ఆయన బింకమంతా నీరుగారిపోయింది. పైసా అడక్కుండా రాజీనామా మీద సంతకం గీకేశాడు.

"దాని జోలికి మాత్రం రాకండి."

"రాం సార్."

"పోతే పోయింది వెధవ డబ్బు. లే తల్లీ, ఇంటికి పోదాం" అని చెయ్యి చాచాడు.

కూతురు లేచింది. కాగితం అందుకుని, సంతకం సరిచూసి, మేడమ్ చేతికిచ్చింది.

"నువ్వెళ్లు నాన్నా. నీ పెద్ద గదిలోకి నన్ను ఇవాళే మారమన్నారు."